హాపీ బీర్‌లో చేదు: మారింది మీ నాలుకా, బీరా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

‘ఒకప్పుడు ఇష్టంగా తాగిన ఐపీఏ ఇప్పుడు గొంతు దిగడం లేదు’ అని కొందరు అడుగుతున్నారు. ‘మొదట్లో మొహం చిట్లించిన బీరే ఇప్పుడు నీళ్ళలా అనిపిస్తోంది’ అని ఇంకొందరు. హాప్స్ అంటే బీర్‌కు చేదునూ వాసననూ ఇచ్చే పూగుత్తులు; అవి దండిగా పడ్డదే హాపీ బీర్, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అలాంటిదే. ప్రశ్న అటు తిరిగినా ఇటు తిరిగినా జవాబు వెతికే దారి ఒకటే. బీర్ పాతబడి ఉండొచ్చు, దాని తయారీ మారి ఉండొచ్చు, మీ ఇష్టం మారి ఉండొచ్చు, లేదా మీరు చేదు అంటున్నది అసలు చేదే కాకపోవచ్చు. ఊహించడం మానేసి ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించే క్రమం ఇది.

చట్టం అనుమతించిన వయసు దాటినవాళ్ళకే ఇది. గర్భిణులు, ఆల్కహాల్ పడని మందులు వాడుతున్నవాళ్ళు దీని జోలికి రావద్దు. పరీక్ష ఉన్న రోజు బండి తీయకండి. కొద్దికొద్దిగానే అయినా 7 శాతం బీర్ 360 మి.లీ. తాగితే సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోయినట్టే.

## 1. ముందు చేదును మిగతావాటి నుంచి విడదీయండి

హాపీ బీర్ నోట్లో పడగానే నాలుగు సంగతులు ఒకేసారి జరుగుతాయి. వాటన్నిటికీ ‘చేదు’ అనే పేరు పెట్టేయడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు.

చేదు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు మరుగుతున్న వోర్ట్‌లో (పులియకముందు ఉండే ధాన్యపు రసంలో) ఐసో-ఆల్ఫా ఆమ్లాలుగా మారతాయి. బీర్ చేదులో ఎక్కువ భాగం వీటిదే. ఇది మెల్లగా మొదలై, మింగిన తర్వాత పెరిగి, నాలుక వెనక భాగంలో చాలాసేపు నిలుస్తుంది.

వగరు. ఇది రుచి కాదు, స్పర్శ. చిగుళ్ళు, బుగ్గల లోపలివైపు ఎండి బిగుసుకున్నట్టు ఉంటుంది. హాప్స్ నుంచీ ధాన్యపు పొట్టు నుంచీ వచ్చే పాలీఫినాల్స్ దీనికి ప్రధాన కారణం.

ఘాటు. ఆల్కహాల్ వేడి. గొంతులో, ఛాతీ పైభాగంలో వెచ్చగా తగులుతుంది. 8 శాతం దాటిన డబుల్ ఐపీఏలలో (మామూలు ఐపీఏ కన్నా బలమైనవి) దీన్ని చేదని పొరబడటం మామూలే.

గొంతు గీరుడు. కొత్తగా ప్యాక్ చేసిన హేజీ ఐపీఏలలో (మసకగా, మెత్తగా ఉండే తరహా) హాప్ రేణువులు తేలుతూ ఉంటాయి. మింగగానే గొంతు వెనక బరకగా, గరగరలాడుతూ తగులుతుంది. దీన్ని హాప్ బర్న్ అంటారు. క్యాన్‌ను ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచితే ఒకటి రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. ఐసో-ఆల్ఫా చేదు అలా వారంలో తగ్గేది కాదు.

వీటిని గుర్తుపట్టడానికి నాలుకకు ముందే పరిచయం చేయండి. చేదుకు టానిక్ వాటర్ (క్వినైన్ కలిపిన చేదు సోడా). వగరుకు, పాలూ చక్కెరా లేకుండా పది నిమిషాలు నానబెట్టి చల్లార్చిన టీ. రెండూ ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో నీళ్ళతో, రెండు మూడుసార్లు రుచి చూడండి. తేడా మనసులో కూర్చున్నాకే బీర్ సీసా తెరవండి. ఈ అడుగు దాటవేసినవాళ్ళు తర్వాత రాసే మార్కులేవీ పనికిరావు.

## 2. లేబుల్ మీది ఐబీయూను ఎంతవరకు నమ్మాలి

కొంతవరకే. ఐబీయూ అనేది బీర్ చేదును కొలిచే యూనిట్. ఒక ఐబీయూ అంటే, ఉజ్జాయింపుగా, లీటరు బీర్‌లో ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం. అది బీర్‌లో ఏముందో చెబుతుంది, మీకు ఎంత చేదుగా తగులుతుందో చెప్పదు. పైగా లేబుల్ మీద వేసేది చాలాసార్లు ల్యాబ్‌లో కొలిచిన అంకె కాదు, రెసిపీ నుంచి లెక్కగట్టింది. మూడంకెల ఐబీయూ గొప్పగా ప్రకటించిన బీర్లను చూసి భయపడక్కర్లేదు. బీర్‌లో ఐసో-ఆల్ఫా ఆమ్లాలు కరగడానికి ఒక హద్దుంది, కాబట్టి ఆచరణలో 100 దాటడం కష్టం.

పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది. ఐబీయూను ఒరిజినల్ గ్రావిటీ (పులియకముందు వోర్ట్ సాంద్రత, నీళ్ళది 1.000) పాయింట్లతో భాగించండి. 1.050 గ్రావిటీ అంటే 50 పాయింట్లు. 40 ఐబీయూ ఉంటే నిష్పత్తి 0.8. అదే 40 ఐబీయూ 1.080 బీర్‌లో ఉంటే నిష్పత్తి 0.5. మొదటిది చేదుగా, రెండోది గుండ్రంగా, కొంచెం తియ్యగా అనిపించే అవకాశం ఎక్కువ. ఇది కూడా దారి చూపే అంకె మాత్రమే. చివర్లో ఎంత తీపి మిగిలింది, గ్యాస్ ఎంత, నీళ్ళలో ఏ లవణాలున్నాయి అన్నది దీనికి తెలియదు.

శైలుల మధ్య తేడా తెలియడానికి స్థూలంగా: జర్మన్ పిల్స్ (లేతరంగు, తేటైన లాగర్) 22–40, అమెరికన్ పేల్ ఏల్ 30–50, అమెరికన్ ఐపీఏ 40–70, హేజీ ఐపీఏ 25–60, డబుల్ ఐపీఏ 60–100.

ఐపీఏ, హేజీ ఐపీఏ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. అదే ‘ఐపీఏ’ పేరు కింద చేదు ఎంత జారిందో తెలుస్తుంది. హాప్స్‌ను ఎక్కువసేపు మరిగించడం తగ్గించి, మంట ఆపాక వేయడం, పులిసేటప్పుడో పులిశాకో వేయడం పెరిగింది. అమెరికాలోని బ్రూయర్స్ అసోసియేషన్ 2018లో ‘జ్యూసీ ఆర్ హేజీ’ పేరుతో వీటికి విడిగా శైలులే చేర్చింది. కొన్నాళ్ళపాటు ఇలాంటివే తాగి, మళ్ళీ పాత వెస్ట్ కోస్ట్ ఐపీఏ (తేటగా, చేదు ముందుండే తరహా) తెరిచినవాడికి అది చేదుగా అనిపించక ఏమవుతుంది? అక్కడ నాలుకను అనుమానించక్కర్లేదు.

## 3. సిద్ధం చేసుకోవలసినవి

- ఒకే ఆకారం, ఒకే పరిమాణం ఉన్న గ్లాసులు కనీసం మూడు, వీలైతే ఆరు. డిటర్జెంట్ వాసన లేకుండా కడిగి, గాలికి ఆరబెట్టినవి
- తక్కువ చేదున్న లాగర్ ఒకటి, పిల్స్ ఒకటి, హేజీ ఐపీఏ ఒకటి, వెస్ట్ కోస్ట్ ఐపీఏ ఒకటి
- అన్నిటి మీదా ప్యాకింగ్ తేదీ కనిపించాలి
- గది ఉష్ణోగ్రతలో ఉన్న మంచినీళ్ళు, ఉప్పు లేని సాదా బిస్కెట్లు
- టానిక్ వాటర్, ఎప్పుడూ ఒకే బ్రాండు, అప్పుడే తెరిచింది
- వంటింటి థర్మామీటర్
- గ్లాసుల్లో పోసి ఇచ్చే తోడు మనిషి (ఇది తప్పనిసరి, ఎందుకో 6వ భాగంలో)
- నోటుపుస్తకం

## 4. నాలుక, ముక్కు, గ్లాసుల వరుస

పరీక్షకు ముందు గంటసేపు కాఫీ, పొగ, కారం, పుదీనా టూత్‌పేస్ట్ వద్దు. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి. ముక్కు పనిచేయకపోతే హాప్స్ పళ్ళ వాసన, పూల వాసన మాయమై చేదొక్కటే మిగులుతుంది, దాంతో మంచి బీర్‌కు కూడా చెడ్డ మార్కులు పడతాయి. కొన్ని మందులు నోట్లో లోహపు రుచినో చేదునో మిగులుస్తాయి. కొత్తగా మందు మొదలుపెట్టి ఉంటే అది నోటుపుస్తకంలో రాసుకోండి.

ఉష్ణోగ్రత అన్ని గ్లాసులకూ ఒకటే ఉండాలి. 8–10 డిగ్రీల సెల్సియస్ బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే చలికి వాసన అణిగిపోతుంది.

వరుస ఎప్పుడూ తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు. చేదు గుక్క గుక్కకూ పేరుకుంటుంది, ముందు తాగినదాని అప్పు తర్వాతి గ్లాసు తీర్చాల్సి వస్తుంది. డబుల్ ఐపీఏ తర్వాత పిల్స్ తాగి ‘చప్పగా ఉంది’ అనడం పిల్స్‌కు అన్యాయం. ఒక్కో గ్లాసులో 60 మి.లీ. చాలు. రెండు గ్లాసుల మధ్య నీళ్ళు పుక్కిలించి, ఒక బిస్కెట్ ముక్క నమిలి, రెండు మూడు నిమిషాలు ఆగండి.

## 5. ఒక్కో గ్లాసుతో చేయాల్సింది

1. తాగకముందే వాసన చూసి, తోచింది రాయండి: నిమ్మజాతి తొక్క, పైన్ చెట్టు, మామిడి, గడ్డి, అట్టపెట్టె, ఏదైనా సరే.

2. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తీసుకోండి. నోరంతా తిప్పి మింగండి. ముక్కు మూసే ఉంచి చేదుకు 0 నుంచి 10 లోపు మార్కు వేయండి. టానిక్ వాటర్‌ను 5గా పెట్టుకుంటే కొలత నిలకడగా ఉంటుంది.

3. ఇప్పుడు ముక్కు వదిలేసి ఊపిరి బయటికి వదలండి. వాసన ఒక్కసారిగా ముంచెత్తుతుంది. మార్కు పెంచాలనిపించిందా? పెరిగినంత మేరకు మీరు చేదు అంటున్నది వాసనే. పైన్, గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనసను పోలిన పండు) తొక్కల వాసన వస్తే చాలు, మెదడు చేదును కలిపేసుకుంటుంది. ఈ ఒక్క అడుగుతోనే కొందరి సందేహం తీరిపోతుంది.

4. రెండో గుక్క ముక్కు మూయకుండా. మింగాక గడియారం చూడండి: 10 సెకన్లకు ఎలా ఉంది, 30కి, 60కి? చురుగ్గా వచ్చి తేటగా తగ్గిపోయేది శుభ్రమైన చేదు. నిమిషం దాటినా నాలుక వెనక పట్టుకుని వేలాడితే ‘మొండి చేదు’ అని రాయండి.

5. నాలుకతో పై చిగురును తడమండి. ఎండినట్టు, పట్టేసినట్టు ఉంటే వగరుకు విడిగా మార్కు.

6. చివరగా ‘ఎంత నచ్చింది’ అన్నదానికి ఇంకో మార్కు, వేరే గడిలో.

చేదు ఎంతుందన్నది ఒకటి, దాన్ని మీరు ఎంత ఇష్టపడుతున్నారన్నది మరొకటి. ‘నా రుచి మారింది’ అనేవాళ్ళలో కొందరికి తీవ్రత మార్కు మారదు, ఇష్టం మార్కే మారుతుంది. రెండూ ఒకే అంకెలో కలిపేస్తే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు.

## 6. లేబుల్ చూడకుండా: మూడు గ్లాసుల పరీక్ష

‘ఈ బీర్ మునుపటిలా లేదు’ అనుకున్నప్పుడు దాని కొత్త క్యాన్, పాత క్యాన్ దొరికితే చేయాల్సింది ఇదే.

మీరు గదిలోంచి బయటికి వెళ్ళండి. తోడు మనిషి రెండు గ్లాసుల్లో ఒక బీర్, మూడో గ్లాసులో ఇంకో బీర్ పోయాలి. ఏది ఎక్కడ ఉందో రాసుకుని దాచాలి. రంగు తేడా ఉంటే దీపం తగ్గించండి, లేదా లోపల ఉన్నది కనిపించని కప్పులు వాడండి. మీరు వచ్చి, మూడూ రుచి చూసి, వేరేది ఏదో చెప్పాలి. చెప్పలేకపోయినా ఊహించాల్సిందే, ‘తెలియదు’ అని వదిలేయకూడదు.

ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది. అందుకే ఒక్కసారి చేసి సంబరపడకండి. ఒక్కో గ్లాసులో 20 మి.లీ. చొప్పున, రోజుకు మూడు విడతలు, రెండు రోజులు. మొత్తం ఆరింటిలో ఐదు సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజంగా ఉందని నమ్మొచ్చు. అదృష్టంతో అంత మంచి ఫలితం రావడానికి అవకాశం 2 శాతం లోపే. నాలుగు వస్తే అనుమానం మిగిలినట్టు. మూడో, అంతకన్నా తక్కువో వస్తే ‘బీర్ మారింది’ అనే ఫిర్యాదు పక్కన పెట్టండి.

విడత విడతకూ జోడు గ్లాసుల్లో ఉండే బీర్‌ను మార్చమని తోడు మనిషికి ముందే చెప్పండి. ఎప్పుడూ పాతదే రెండు గ్లాసుల్లో పోస్తుంటే మీరు ఆ తీరును పట్టేస్తారు.

## 7. తీపి చేదును ఎలా కప్పేస్తుందో చూడండి

ఐబీయూ మారకుండానే చేదు ఎలా తగ్గుతుందో ఈ చిన్న ప్రయోగంలో తెలుస్తుంది.

ఒక టీస్పూను చక్కెరను మూడు టీస్పూన్ల గోరువెచ్చని నీళ్ళలో కరిగించి చల్లార్చండి. 100 మి.లీ. వెస్ట్ కోస్ట్ ఐపీఏలో ఈ పాకం ఒక టీస్పూను కలపండి. ఇంకో 100 మి.లీ.లో ఒక టీస్పూను ఉత్త నీళ్ళు కలపండి, అప్పుడు పలుచదనం రెండింటిలోనూ సమానమవుతుంది. చక్కెరను నేరుగా బీర్‌లో వేయకండి. నురగ పొంగి, గ్యాస్ పోయి పరీక్ష చెడుతుంది.

రెండింటిలోనూ ఐసో-ఆల్ఫా ఆమ్లం అంతే ఉంది. చేదు మార్కు మాత్రం ఒకటిగా రాదు. హేజీ ఐపీఏల మెత్తదనంలో మిగులు తీపికీ, ఓట్స్, గోధుమల నుంచి వచ్చే చిక్కదనానికీ ఎంత వాటా ఉందో ఇక్కడ ఊహకు అందుతుంది.

## 8. బీర్ పాతబడిందేమో చూడండి

హాపీ బీర్ దాచుకునే సరుకు కాదు. ప్యాక్ చేసిన నెలలోపు బాగుంటుంది, మొదటి నుంచి చలిలోనే ఉంటే మూడు నెలల వరకు సర్దుకోవచ్చు. ‘ఈ తేదీలోపు వాడండి’ అనే అంకె చూసి మోసపోకండి, ప్యాకింగ్ తేదీ వెతకండి.

హాప్ వాసన ముందు పోతుంది. చేదు కూడా కాలంతోపాటు తగ్గుతుంది కానీ, దాన్ని కమ్మేసే వాసన పోయాక మిగిలింది మొరటుగా తెలుస్తుంది. పాతబడిన బీర్ ఎక్కువ చేదుగా ఉందని అనిపించడానికి ఇదొక కారణం.

- అట్టపెట్టె, తడి కాగితం వాసన: ఆక్సీకరణ
- తేనె, ఎండుద్రాక్ష తీపి: అదే ఆక్సీకరణ, ఇంకాస్త ముదిరింది
- హేజీ ఐపీఏ పసుపు పోయి బూడిదరంగుకో గోధుమరంగుకో తిరగడం: ఆక్సిజన్ చేరింది, పారబోయండి
- స్కంక్ అనే జంతువు వదిలేలాంటి కంపు: వెలుతురు తగిలింది

చివరిది నేర్చుకోవడం తేలిక. తెల్లగాజు గ్లాసులో పిల్స్ పోసి ఎండలో కొన్ని నిమిషాలు పెట్టండి, నీడలో ఉంచిన గ్లాసుతో పోల్చి వాసన చూడండి. వెలుతురుకు ఐసో-ఆల్ఫా ఆమ్లాలు విరిగి, గంధకం ఉన్న ఒక థయాల్ పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసా దీన్ని బాగా అడ్డుకుంటుంది, ఆకుపచ్చ సీసా అంతగా కాదు, క్యాన్‌లోకి వెలుతురే వెళ్ళదు.

నిల్వ ప్రభావం చూడాలంటే ఒకే తేదీ ఉన్న రెండు క్యాన్లు కొనండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి అలమారలో. నాలుగు వారాల తర్వాత రెండింటినీ ఒకే చల్లదనానికి తెచ్చి మూడు గ్లాసుల పరీక్ష చేయండి.

## 9. నాలుక మారిందా లేదా: నెలకోసారి కొలత

దీనికి మారని కొలబద్ద కావాలి. హాపీ బీర్ ఆ పనికి రాదు, అది వారాల్లోనే మారిపోతుంది కదా. కొత్త టానిక్ వాటర్ సీసా ఒకటి, తాజా పిల్స్ ఒకటి తీసుకోండి.

నెలకోసారి, దాదాపు అదే సమయానికి, ఈ రెండింటికీ, మీకు సందేహం ఉన్న ఐపీఏకూ తీవ్రత మార్కు, ఇష్టం మార్కు వేయండి. టానిక్‌కు ఇక్కడ ముందే 5 అనుకోకండి, పోయిన నెల పేజీ చూడకుండా కొత్తగా వేయండి. కనీసం నాలుగు నెలల అంకెలు చేరాక చూడండి:

- మూడింటి తీవ్రతా కలిసి పెరిగినా తగ్గినా: మారింది మీరు. జలుబు, మందులు, పొగ, నోటి ఆరోగ్యం వైపు చూడండి. రుచి తేడా వారాల తరబడి ఉంటే డాక్టర్‌ను అడగండి
- ఐపీఏ తీవ్రత ఒక్కటే కదిలితే: మారింది బీర్
- తీవ్రతలు కదలకుండా ఇష్టం మారితే: అలవాటు. ఇందులో సరిచేసుకోవాల్సింది ఏమీ లేదు

అలవాటు ప్రభావం ఎంతో తెలుసుకోవాలంటే మూడు వారాలు హాపీ బీర్లు పూర్తిగా ఆపి, తర్వాత అదే ఐపీఏ తెరవండి. ఆ రోజు మొదటి గుక్కకు వేసిన మార్కునే లెక్కలోకి తీసుకోండి.

## 10. తరచు జరిగే పొరపాట్లు

*ఉమ్మేయడం.* వైన్ రుచి చూసేవాళ్ళ అలవాటు ఇక్కడ పనికిరాదు. చేదు మింగాకే పూర్తిగా తెలుస్తుంది. పరిమాణం తగ్గించండి కానీ మింగండి.

*నాలుక చివరతో తేల్చేయడం.* ‘చేదు నాలుక వెనకే తెలుస్తుంది’ అని చూపే పాత పటం తప్పు, అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. వెనక భాగంలో చేదు గట్టిగా తగులుతుంది, అంతే. ద్రవం నోరంతా తిరగాలి.

*అడుగున పేరుకున్న మడ్డి గ్లాసులోకి రావడం.* క్యాన్‌లో మొదటి సగం ఒకరికి, చివరి సగం ఒకరికి పోస్తే ఇద్దరూ తాగింది ఒకే బీర్ కాదు. అన్ని గ్లాసుల్లోకీ కొంచెం కొంచెం పోస్తూ రండి, చివరి 30 మి.లీ. వదిలేయండి.

*ఒకే రోజు ఎనిమిది బీర్లు.* నాలుగు దాటాక నాలుక మొద్దుబారుతుంది, మార్కులు ఉదారంగా పడతాయి. ఎందుకో చెప్పక్కర్లేదు.

*పేరున్న బీర్ అని తెలిసి మార్కు వేయడం.* విరుగుడు ఇదే: తోడు మనిషి, అంకె వేసిన కప్పులు.

## 11. స్వయంగా కాచేవాళ్ళకు

మీరున్న చోట చట్టం ఒప్పుకుంటేనే. పరీక్షలో ఏ లోపం తేలిందో దాన్నిబట్టి దిద్దుబాటు.

చేదు మరీ ఎక్కువ. ముందు లెక్క సరిచూడండి. 10 శాతం ఆల్ఫా ఉన్న హాప్స్ 30 గ్రాములు 20 లీటర్లకు వేస్తే లీటరుకు 150 మి.గ్రా. ఆల్ఫా ఆమ్లం. 1.050 గ్రావిటీ దగ్గర గంట మరిగితే అందులో సుమారు 23 శాతం మారుతుంది, అంటే దాదాపు 35 ఐబీయూ. గంటసేపు మరగడానికి వేసే హాప్స్‌ను తగ్గించి, మంట ఆపి 80 డిగ్రీలకు చల్లార్చాక వేసేవాటిని పెంచండి. మరుగు నీళ్ళలోనే ఎక్కువసేపు వదిలేస్తే అవీ చేదు ఇస్తూనే ఉంటాయి.

వగరు. ధాన్యం కడిగే నీళ్ళు 77 డిగ్రీలు దాటకూడదు, ఆ కడుగు పీహెచ్ 6 దాటకూడదు. అక్కడ తప్పు లేకపోతే డ్రై హాపింగ్ (పులిసేటప్పుడో పులిశాకో హాప్స్ వేయడం) చూడండి. లీటరుకు 5–8 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో హాప్స్‌ను వేరుచేయండి. డ్రై హాపింగ్‌లో ఐసోమరీకరణ (ఆల్ఫా ఆమ్లాలు ఐసో-ఆల్ఫాగా మారడం) జరగదు కాబట్టి చేదు రాదనుకోవడం పొరపాటు. హాప్స్‌లో ఆల్ఫా ఆమ్లాలు ఆక్సీకరణ చెంది ఏర్పడే హ్యుములినోన్లు నేరుగా బీర్‌లో కరిగి చేదిస్తాయి. పైగా డ్రై హాపింగ్ పీహెచ్‌ను కొంచెం పెంచుతుంది.

చేదు పదునుగా లేదు. నీళ్ళలో సల్ఫేట్ పెంచితే ముగింపు పొడిగా, చురుగ్గా వస్తుంది; క్లోరైడ్ పెంచితే గుండ్రంగా, నిండుగా. వెస్ట్ కోస్ట్ తరహాకు సల్ఫేట్ పైచేయిగా, హేజీకి క్లోరైడ్ పైచేయిగా ఉంచడం మామూలు. రెండూ ఒకేసారి విపరీతంగా పెంచితే లోహపు రుచి, ఉప్పదనం వస్తాయి.

పులిశాక చేదు చాలదని తెలిసింది. 30 శాతం ఐసో-ఆల్ఫా ద్రవం దొరికితే 20 లీటర్లకు 10 ఐబీయూ పెంచడానికి 0.67 గ్రాము సరిపోతుంది. మొత్తం పీపాలో పోసేముందు 200 మి.లీ. చొప్పున మూడు గ్లాసులు తీసి, 5, 10, 15 ఐబీయూ పెరిగేంత కలిపి చూడండి. అంత తక్కువ ద్రవం తూచడం కుదరదు కాబట్టి ముందు ఆల్కహాల్‌లో పలుచన చేసి సిరంజితో కొలవండి.

పులిశాక చేదు ఎక్కువైందని తెలిసింది. తీసేసే మార్గం లేదు, కలిపే మార్గమే ఉంది. 60 ఐబీయూ బీర్, 20 ఐబీయూ బీర్ సమపాళ్ళలో కలిపితే 40 వస్తుంది. ఇక్కడా ముందు గ్లాసుల్లోనే కలిపి చూడండి, మూడు పాళ్ళకు ఒకటి, రెండుకు ఒకటి, సగం సగం, ఏది నచ్చితే అది. పీపాలో కలిపేటప్పుడు గొట్టం అడుగు దాకా దించి, సీవోటూ నింపిన పీపాలోకే పంపండి. చిలకరించుకుంటూ పోస్తే ఆక్సిజన్ చేరి 8వ భాగంలో చెప్పిన అట్టపెట్టె వాసన మొదలవుతుంది.